ఎముక దెబ్బ తగిలితే ముందు ఎక్కడికి?

కబడ్డీలో పడి మనలో ఎవరికైనా చెయ్యి వాచిందంటే, ఇంటి నుంచి వచ్చే మొదటి మాట "పుత్తూరు కట్టు కట్టించండి" అనే. తిరుపతి దగ్గరి ఆ ఊరి పేరు ఇప్పుడు ఎన్నో ఊళ్లలో బోర్డుల మీద కనిపిస్తుంది. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, పైగా ఖర్చు తక్కువ. మా ఇళ్లలోనూ దాన్నే నమ్ముతారు. దాన్ని వెక్కిరించడం మా ఉద్దేశం కాదు. విరిగిన ఎముక కదలకుండా బద్దలు పట్టి ఉంచుతాయి, నిజమే. కానీ చేత్తో తడిమితే లోపలి సన్నని చీలిక తెలియదు. పిల్లల ఎముకల చివర్లో పెరిగే మెత్తటి భాగం ఉంటుంది. అక్కడి దెబ్బ పైకి బెణుకులాగే ఉంటుంది. సరిగా కుదరకపోతే ఆ చెయ్యి వంకరగానో పొట్టిగానో పెరగవచ్చు.

అందుకే ముందు ఎక్స్‌రే. చాలా పీహెచ్‌సీల్లో ఆ యంత్రం ఉండదు కనుక ఏరియా ఆసుపత్రికే వెళ్లాలి. చీలమండ బెణికి నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తప్పదని కెనడా వైద్యులు 1992లోనే చెప్పారు.

ఎముక బయటికొచ్చినా, కీలు తప్పినా, వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. రక్తం ఆడకపోతే సుమారు ఆరు గంటల్లో కండ చచ్చిపోతుంది. ఈలోగా అట్టముక్కో స్కేలో ఆసరాగా కట్టి కదపకుండా ఉంచాలి. లాగి సరిచేస్తామనే పెద్దమనుషులను దగ్గరికి రానివ్వకూడదు.

కట్టు ఎవరు కట్టినా సరే, ఆ రాత్రి వేళ్లు చూస్తూ ఉండాలి. అవి నల్లబడినా, చాపితే ఓర్చుకోలేని నొప్పి వచ్చినా కట్టు అప్పుడే విప్పించాలి. తెల్లవారేదాకా ఆగకుండా వార్డెన్ సార్‌ను నిద్ర లేపండి.