ఇన్వర్టర్ బిగించే ముందే గోడను చూడండి

మిద్దె మీద ప్యానెళ్లు పెట్టి, యాప్‌లో యూనిట్లు చూపించి వచ్చేస్తాం. నాలుగు రోజులకు ఫోను: "యాప్‌లో ఆఫ్‌లైన్ అని వస్తోందండీ, కరెంటు తయారవట్లేదా?" తయారవుతూనే ఉంటుంది. ఇన్వర్టర్ నడవడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. తెగిపోయింది ఇన్వర్టర్ లెక్కలను యాప్‌కు పంపే డేటా లాగర్‌కూ రౌటర్‌కూ మధ్య వైఫై. అయినా మన పని మీద ఇంటివాళ్లకు గురి పోతుంది, మళ్లీ వెళ్లడానికి మనకు ఒక పూట పోతుంది. సోలార్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: గోడకు డ్రిల్ పెట్టకముందే సిగ్నల్ చూడండి.

లాగర్లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్‌నే అందుకుంటాయి. ఫోను 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే ఆ కొలత మీకు పనికిరాదు. ఫోన్లో వైఫై అనలైజర్ యాప్ వేసుకుని, ఇన్వర్టర్ పెట్టబోయే చోట నిలబడి, తలుపులన్నీ మూయించి 2.4 సిగ్నల్ చూడండి. మైనస్ 65 డీబీఎం వస్తే నిశ్చింత. మైనస్ 75 దాటిందంటే ఈరోజు కలిసినా రేపు తెగుతుంది. లాగర్ యాంటెన్నా ఫోనుకన్నా చిన్నదై ఉండవచ్చు, కాబట్టి కాస్త మిగులు ఉంచుకోండి.

రాయలసీమ పాత ఇళ్లలో రెండడుగుల రాతి గోడలుంటాయి. అలాంటి గోడను సిగ్నల్ ఏటవాలుగా దాటాల్సి వస్తే దానికి అడ్డుపడే మందం ఇంకా పెరుగుతుంది. వానకు నానిన గోడ మరీ కష్టం. కొత్త ఇళ్లలో చిక్కు శ్లాబులోని ఇనుముతో. అందుకే గోడతో పోరాడకుండా మెట్ల గది, కిటికీ, వెంటిలేటర్ దారి వెతకండి. రౌటర్ బీరువా వెనకో టీవీ కిందో ఉంటే ముందు దాన్ని బయటికి తీయించి, ఎత్తులో పెట్టించండి. చాలా ఇళ్లలో దీంతోనే పని తీరుతుంది.

తీరకపోతే నేను రిపీటర్‌కన్నా వైరునే నమ్ముతాను. లాగర్‌కు లాన్ పోర్టు ఉంటే క్యాట్6 కేబుల్ 100 మీటర్ల వరకు లాగొచ్చు. బయట ఎండకు తట్టుకునే రకం తీసుకోండి, డీసీ కేబుళ్లున్న పైపులో దూర్చకండి. వైరుకు ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే రిపీటర్ పెట్టండి, కానీ ఇన్వర్టర్ పక్కన కాదు, సిగ్నల్ ఇంకా బాగున్న నడిమి చోట. ఊరి చివర ఇళ్లకు సిమ్ కార్డు లాగర్ మేలు, ఇన్వర్టర్ దగ్గర ఏ కంపెనీ సిగ్నల్ బాగుందో చూసి సిమ్ తీసుకోండి.

సిగ్నల్ బాగున్నా లాగర్ కలవకపోతే రౌటర్‌లో 2.4, 5 బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెట్టి, భద్రతను డబ్ల్యూపీఏ2కి మార్చి చూడండి.

వచ్చేటప్పుడు ఇంటివాళ్లకు రెండు మాటలు చెప్పండి. చాలా ఇన్వర్టర్లలో పొద్దు గూకాక లాగర్ కూడా ఆగుతుంది, రాత్రి ఆఫ్‌లైన్ చూసి కంగారుపడొద్దు. రౌటర్ మార్చినా పాత వైఫై పేరు, పాస్‌వర్డ్ అలాగే పెట్టుకుంటే లాగర్ మామూలుగా దానంతట అదే కలుస్తుంది.