లా సీటు సరే, సీనియర్ ఎవరు?

గ్రూప్స్ రాసి రాసి విసిగిన కుర్రాడు, ఖాళీగా ఉండటం దేనికని లాలో చేరతాడు. మూడేళ్లు గడుస్తాయి, పట్టా వస్తుంది, నల్లకోటు కుట్టించుకుంటాడు. చదువు అయిపోయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అసలు చదువు అప్పుడే మొదలవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలు ఏ కాలేజీ మంచిదని అడుగుతారే గానీ, ఎవరి దగ్గర జూనియర్‌గా చేరితే పని వస్తుందని అడిగేవాళ్లు అరుదు. నన్నడిగితే రెండోదే ముఖ్యం.

కాలేజీ సంగతి ముందు తేల్చేద్దాం. ఇంటర్ అయినవాళ్లకు ఐదేళ్ల కోర్సు, డిగ్రీ అయినవాళ్లకు మూడేళ్ల కోర్సు. రెండింటికీ ఏపీ లాసెట్ రాయాలి. గంటన్నరలో 120 ప్రశ్నలు. సగం న్యాయశాస్త్ర అభిరుచి మీద, మిగతా సగం జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ, కరెంట్ అఫైర్స్ మీద. పేపర్ తెలుగులోనూ ఉంటుంది కాబట్టి తెలుగు మీడియం వాళ్లు జంకాల్సిన పని లేదు. ఇంటర్‌లోనో డిగ్రీలోనో జనరల్ వాళ్లకు 45, ఓబీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి. పది, ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవాళ్లు ఫీజు కట్టకముందే నిబంధనలు చూసుకోవాలి, ఆ డిగ్రీ లాకు పనికిరాదు. దూరవిద్యలో లా చదివి వకీలు కావడమూ కుదరదు.

విజయనగరంలో మాన్సాస్ వారి ఎంఆర్‌వీఆర్‌జీఆర్ లా కాలేజీ, ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ, విశాఖలో ఏయూ, ఎన్‌బీఎం లా కాలేజీలు మనకు అందుబాటులో ఉన్నాయి. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య నేషనల్ లా యూనివర్సిటీకి మాత్రం క్లాట్ రాయాలి. అదంతా ఇంగ్లిష్‌లోనే, తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది, ఆ యూనివర్సిటీ ఫీజూ బరువే. కార్పొరేట్ ఉద్యోగం మీదో సుప్రీంకోర్టు మీదో గురి ఉన్నవాళ్లు దానికి కష్టపడటం న్యాయమే. జిల్లా కోర్టులో ప్రాక్టీసు పెట్టే ఉద్దేశముంటే అంత ఖర్చు అక్కర్లేదు. కాకపోతే హాజరు మేం సర్దుకుంటాం, పరీక్షలకు వస్తే చాలు అనే చోట మాత్రం చేరకండి.

పట్టా వచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. దీనికి రకరకాల పద్దుల కింద వేలకు వేలు గుంజే రోజులు పోయాయి. 750 రూపాయలకు మించి, ఎస్సీ, ఎస్టీలైతే 125కు మించి తీసుకోకూడదని 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆపైన ఆలిండియా బార్ ఎగ్జామ్. చట్టాల పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాయనిస్తారు. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు, ఏ సెక్షన్ ఎక్కడుందో తెలియనివాడికి పుస్తకం చేతిలో ఉన్నా ఒకటే. అన్నట్టు, 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అంతకుముందు జరిగిన నేరాల కేసులు ఇంకా ఐపీసీ కిందే నడుస్తున్నాయి. మీ తరం రెండూ నేర్చుకోక తప్పదు.

ఇక సీనియర్ దగ్గరికి వద్దాం. సోంపేట, టెక్కలి, బొబ్బిలి, పార్వతీపురం, ఎక్కడైనా జూనియర్ మొదటి ఏడాది బతుకు ఒకటే. వాయిదాల వరసలో ఫైళ్లు సర్దడం, కేసు పిలిచినప్పుడు సీనియర్ గారు పక్క కోర్టులో ఉన్నారని, కాసేపాగి పిలవమని పాసోవర్ అడగడం, కాపీ అప్లికేషన్ల కోసం తిరగడం. ఇందులో నేర్చుకునేదేముందని చాలామంది ఏడాదిలోనే మానేస్తారు.

నేర్చుకునేదేముందో తెలియాలంటే ప్రోనోటు దావా తీసుకోండి. పార్టీ జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీసి బల్ల మీద పెడతాడు. కొత్త జూనియర్ అసలెంత, వడ్డీ ఎంత, రెవెన్యూ స్టాంపు మీద సంతకం ఉందా అని చూసి ఊరుకుంటాడు. పని తెలిసిన సీనియర్ తేదీ చూసి వెంటనే కాగితం తిప్పుతాడు. మూడేళ్లు దాటిన నోటు మీద దావా నిలవదు. ఆ గడువు లోపల బాకీదారు ఎంతో కొంత కట్టి, వెనక చెల్లు వేసి సంతకం పెట్టి ఉంటే మళ్లీ అక్కడి నుంచి మూడేళ్లు లెక్క. ఆ చెల్లు రాసిందెవరు? రెండు సంతకాలూ పోలుతున్నాయా? నోటు రాసిన రైటరు ఉన్నాడా, పోయాడా? సాక్షుల్లో ఎవరు కోర్టుకొచ్చి నిలబడతారు, ఎవరు క్రాస్‌లో తడబడతారు? లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ కాలేజీలో చెబుతారు. ఈ ప్రశ్నలు మాత్రం ఆ బల్ల పక్కన కూర్చుంటేనే వస్తాయి.

అందుకే గుమ్మం ముందు జనం ఎక్కువున్న ఆఫీసు చూసి చేరిపోకండి. ఎవరు సాక్షిని స్వయంగా క్రాస్ చేస్తారో, ఎవరు జూనియర్ చేత ప్లైంటు రాయించి ఎర్రపెన్నుతో దిద్దుతారో కనుక్కోండి. గుమాస్తాలను అడిగితే నిజం చెబుతారు. బెయిళ్లలో డబ్బు త్వరగా కనిపిస్తుంది గానీ, ముందు సివిల్ నేర్చుకున్నవాడికి ముప్పై ఏళ్లు పని ఉంటుంది.

మన ప్రాంతంలో పని కరువు లేదు. భోగాపురం విమానాశ్రయం, వంశధార రిజర్వాయర్, కొవ్వాడ అణువిద్యుత్ ప్రాజెక్టు, వీటన్నిటికీ భూసేకరణ జరిగింది. పరిహారం తగాదా తెగాలంటే అడంగల్, 1బి, ఎఫ్ఎంబీ లాంటి భూమి రికార్డులు చదవడం రావాలి. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో గిరిజన ప్రాంత భూముల బదిలీకి సంబంధించిన 1/70 చట్టం తెలిసిన వకీలుకు గిరాకీ వేరు. జాతీయ రహదారి ప్రమాదాల పరిహారం కేసులు, పైడిభీమవరం ఫ్యాక్టరీల కార్మికుల కేసులు సరేసరి. ఉద్దానం నుంచి వచ్చిన సాక్షి తన యాసలో చెప్పింది మీకు ఒక్కసారికే అర్థమవుతుంది. బయట నుంచి వచ్చిన వకీలుకు ఆ సౌకర్యం లేదు. హైకోర్టు తీర్పులు మాత్రం ఇంగ్లిష్‌లో ఉంటాయి, రోజుకొకటి చదవడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

డబ్బు మాటకొస్తే, మొదటి మూడేళ్లు ఇంటి మీద ఆధారపడాల్సిందే. ఊళ్లలో జూనియర్లకు నెలకు 15,000, పట్టణాల్లో 20,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. సూచన మాత్రమే, మన కోర్టుల్లో అంత ఆశ పెట్టుకోకండి. ప్రాక్టీసు చేస్తూ వేరేచోట పూర్తికాలం జీతానికి పనిచేయడానికి నిబంధనలు ఒప్పుకోవు.

జడ్జి పరీక్ష రాద్దామనుకునేవాళ్లూ ఈ దారిలోంచే వెళ్లాలి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ) పోస్టులకూ కోర్టు అనుభవం అడుగుతారు. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పథకంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థలు కొత్త వకీళ్లనూ తీసుకుంటున్నాయి, ఆ ప్రకటనలు చూస్తుండండి. బ్యాంకు లా ఆఫీసర్ ఉద్యోగం స్థిరమైనదే గానీ, అక్కడ వాదించే అవకాశం తక్కువ.

చేరేముందు రెండు పనులు చేయండి. 1922లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖలో ప్లీడరీ చేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి రాసిన ‘ఆరు సారా కథలు’ తెచ్చుకుని ‘మాయ’ చదవండి. వృత్తిలోకి కొత్తగా వచ్చిన ప్లీడరుకు కోర్టు అంటే ఏమిటో ఒక కక్షిదారురాలు చెప్పే కథ అది. రెండోది, మీ దగ్గర్లోని కోర్టుకు ఓ వారం వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. ఎక్కువ కేసుల్లో విచారణ బహిరంగమే, ఎవరూ వెళ్లమనరు. సాక్షుల విచారణ సాగే కేసు చూసుకోండి. ఫోన్ మాత్రం సైలెంట్‌లో పెట్టండి.