కాలేజీలో రాజకీయం ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతూ ఉక్కు ఫ్యాక్టరీ ధర్నాలకు పోతున్నాడు. కాలేజీలో రాజకీయాలు అవసరమా సార్?
– ఒక తండ్రి, జమ్మలమడుగు

జవాబు: అవసరమేనండీ. కడపలో ఉక్కు ఫ్యాక్టరీ పెట్టే వీలుందో లేదో చూడాలని 2014 విభజన చట్టమే చెప్పింది. 2018లో కంబాలదిన్నెలో, 2019లో సున్నపురాళ్లపల్లెలో శంకుస్థాపనలు జరిగాయి. రేపు అందులో ఉద్యోగం అడగాల్సింది మీవాడే, వాడు కాక ఇంకెవరు నిలదీస్తారు? 18 ఏళ్లకే ఓటిచ్చి, తరగతిలో నోరు మూసుకోమంటే అన్యాయం.

నేను ఒప్పుకోనిది నాయకుల సభలకు పిల్లల్ని బస్సుల్లో తోలడం. పులివెందులైనా, ప్రొద్దుటూరైనా, ఏ పార్టీదైనా అది బలవంతమే.

విద్యార్థి ఎన్నికలకు లింగ్డో కమిటీ నిబంధనలు 2006 నుంచీ ఉన్నాయి: అచ్చు పోస్టర్లు కుదరవు, చేత్తో రాసుకోవాల్సిందే. ఖర్చు రూ. 5,000 దాటకూడదు. అభ్యర్థికి 75 శాతం హాజరుండాలి. పోటీ చేయకపోయినా మీవాడి హాజరు ఓసారి చూడండి. ధర్నాకు పోలీసు అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోమనండి.