కొండ ఎక్కబోయే ముందు ఒక లెక్క

దూరంగా కనిపించే కొండను చూసి “ఎంతసేపు! ఎక్కి దిగి వచ్చేద్దాం” అని మీలో చాలామంది అనుకొనే ఉంటారు. మా బాన్సువాడ చుట్టుపక్కల నేల చాలావరకు చదునుగా ఉంటుంది. వరిపొలాల గట్ల మీద నడిచి అలవాటైన కాళ్ళకు కొండదారి కూడా అంతే అనిపించడం సహజం. కాని గట్టు మీది కిలోమీటరూ, కొండ మీది కిలోమీటరూ ఒకటి కావు. ఎందుకు కావో, పొద్దున బయలుదేరినవారు చీకటి పడకముందే క్షేమంగా తిరిగి రావాలంటే ఏ లెక్క వేసుకోవాలో ఇప్పుడు చూద్దాం.

ఎత్తు ఎక్కడి నుంచి?

మంజీర నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ పేరు మీకు తెలుసు. నిండుగా ఉన్నప్పుడు దాని నీటిమట్టం సముద్రమట్టానికి 1,405 అడుగులు, అంటే సుమారు 428 మీటర్లు. ఒక కొండ ఎత్తు 500 మీటర్లని పటంలో ఉందనుకోండి. ఆ జలాశయం ఒడ్డు నుంచి బయలుదేరే మీరు ఎక్కవలసింది 500 కాదు, 72 మీటర్లే! శిఖరం ఎత్తులో నుంచి బయలుదేరే చోటి ఎత్తును తీసివేయాలి. మిగిలినదే మీ కాళ్ళు మోయవలసిన ఎత్తు.

కాలం లెక్క

స్కాట్లండుకు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సులువైన సూత్రం చెప్పాడు. మన కొలతల్లో అది సుమారుగా ఇలా ఉంటుంది: నడిచే ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట; ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరొక గంట.

ఒక దారిని ఊహించుకుందాం. శిఖరానికి 8 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు 900 మీటర్లు. దారి మధ్యలో అందమైన సరస్సు. పైకి పోవడానికి దూరం కోసం 1 గంట 36 నిమిషాలు, ఎత్తు కోసం గంటన్నర. మొత్తం 3 గంటల 6 నిమిషాలు. దిగడానికి 1 గంట 36 నిమిషాలు. అయితే ఇది బలమైన, అలవాటున్న పెద్దల లెక్క. విశ్రాంతి కూడా ఇందులో చేరలేదు. మీరు దీన్ని ఒకటిన్నరతో హెచ్చించండి. ఎక్కడానికి 4 గంటల 39 నిమిషాలు, దిగడానికి 2 గంటల 24 నిమిషాలు వస్తాయి. సరస్సు దగ్గర అరగంట, శిఖరం మీద భోజనానికి ఒక గంట కలిపితే మొత్తం దాదాపు ఎనిమిదిన్నర గంటలు!

ఏడింటికి బయలుదేరితే మూడున్నరకు తిరిగి వస్తారు. తొమ్మిదింటికి బయలుదేరితే ఐదున్నర అవుతుంది. డిసెంబరులో మన ప్రాంతంలో ఆరు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. ఒక్కరి కాలు బెణికినా చాలు, అందరూ రాళ్ళ మధ్య చీకట్లో చిక్కుకొంటారు.

శక్తి లెక్క

50 కిలోల బరువున్న విద్యార్థి 900 మీటర్లు ఎక్కితే, పొందే స్థితిశక్తి ఎంత? ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు - ఈ మూడింటి లబ్ధం. 50 × 9.8 × 900 = 4,41,000 జౌళ్ళు. అంటే 441 కిలోజౌళ్ళు. కాని మన కండరాలు ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగిలిన మూడు వంతులు, అంటే దాదాపు 1,320 కిలోజౌళ్ళు, వేడిగా మారతాయి. ఈ వేడిని శరీరం చెమటతో వదిలించుకొంటుంది. ఒక లీటరు చెమట ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళు కావాలి. కాబట్టి ఈ ఎత్తు ఎక్కడానికే అర లీటరుకు పైగా నీరు పోతుంది. ముందుకు నడవడం, ఎండ వేడి, ఆవిరి కాకుండా కారిపోయే చెమట దీనికి అదనం. దాహం వేసేదాకా ఆగక, మధ్య మధ్య కొంచెం కొంచెంగా ఎందుకు తాగాలో తెలిసింది కదా?

సరస్సు చేసే మాయ

నీటి విశిష్టోష్ణం ఎక్కువ. అందువల్ల ఎండలో నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే, నీటి మీది చల్లగాలి ఒడ్డుకు వీస్తుంది. ఆ గాలికి చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది. ఒళ్ళు పొడిగా ఉందని నీరు నష్టపోవడం లేదనుకోకండి. నీరు తేటగా ఉన్నా మరిగించనిదే తాగకండి. కంటికి కనిపించని సూక్ష్మజీవులు అందులో ఉండవచ్చు. లోతు తెలియని నీటిలో దిగవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ అరగంట అనుకొన్నది గంటన్నర కానివ్వకండి.

వెనుదిరిగే వేళ

బయలుదేరక ముందే “ఒంటిగంటన్నర కాగానే ఎక్కడున్నా వెనుదిరుగుదాం” అని నిర్ణయించుకోండి. తొమ్మిదింటికి బయలుదేరినవారికి అప్పటికి శిఖరం ఇంకా 39 నిమిషాల దూరంలో ఉంటుంది. ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది! అయినా తిరగాలి. దిగేటప్పుడు అలసిన తొడ కండరాలు ప్రతి అడుగుకూ శరీరాన్ని పట్టి ఆపాలి. కాలు జారేది ఎక్కువగా అప్పుడే. సగం బలం దిగడానికి దాచుకోవాలి.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్టు శిఖరాన్ని చేరింది. అక్కడి వాయుపీడనం సముద్రమట్టం దగ్గరి దానిలో మూడోవంతే. తాడ్వాయి గురుకుల పాఠశాలలో చదివిన ఆమె ఒక్కసారిగా అంత ఎత్తు ఎక్కలేదు. భువనగిరి బండ మీద అభ్యాసం మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా సిద్ధపడింది. ఎంత ధైర్యవంతులకైనా ముందు లెక్క, తరువాతే అడుగు.

మీరు చేయండి: ఒక దారి పొడవు పోను 6 కిలోమీటర్లు, రాను 6 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు 300 మీటర్లు. విశ్రాంతికి ఒక గంట. సాయంత్రం నాలుగింటికి తిరిగి చేరాలంటే ఎన్ని గంటలకు బయలుదేరాలి? మీ సొంత బరువుతో శక్తి లెక్క కూడా వేసి, మీ ఉపాధ్యాయులకు చూపండి.