నాటి పదము – నేటి గానము

విద్యార్థులారా! తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలను మనము నేడు సభలలోను, ఇండ్లలోను వినుచున్నాము. పాట అయిదువందల యేండ్ల నాటిది. మనము వినుచున్న బాణీయు ఆనాటిదేనా? ఈ ప్రశ్నను ఈ పాఠమున విచారింతము.

ఆ సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయమున భద్రపరుపబడినవి. ఇరువదవ శతాబ్దమున పండితులు వానిని పరిష్కరించి ప్రకటించిరి. రేకులపై పాటతోబాటు రాగము పేరు గలదు గాని స్వరలిపి లేదు. పాడువారి పరంపర తెగిపోవుటచే పెక్కు పాటల తొలి బాణీలు నశించినవి.

రాగము పేరున్న చాలదా యని మీరడుగవచ్చును. చాలదు. రేకులపై కనబడు ముఖారినే చూడుడు. రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో ముఖారి శుద్ధస్వరముల మేళము. అది నేటి కనకాంగికి సమానము. నేటి ముఖారియో ఖరహరప్రియ జన్యము. పేరు నిలిచినది, రూపము మారినది.

కావున నేటి గాయకునకు రెండు మార్గములు గలవు. లక్షణగ్రంథములను బట్టి ప్రాచీనరూపమును పునర్నిర్మించుట యొకటి. నేటి రాగములలో క్రొత్తగా బాణీ కట్టుట రెండవది. మొదటిదానిలోను కొంత యూహ తప్పదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) రెండవ మార్గమున అనేక సంకీర్తనలకు స్వరరచన చేసిరి. వారు కన్నడదేశమున, మైసూరు మహారాజా కళాశాలలో, చిరకాలము తెలుగు బోధించినవారగుట మనవంటివారికి స్మరణీయము.

పాఠశాల సభలో పాడగోరువారికి మేము చెప్పునవి మూడు. రచయిత పేరుతోబాటు బాణీ కట్టినవారి పేరును చెప్పుడు. లేనిచో నిన్నటి బాణీని నాటిదని నమ్మించినవారమగుదుము. పదవిభాగమును, అర్థమును ముందు నేర్చుకొనుడు. తాళము కొరకు మాటను విరువకుడు. సభలో తెలుగు రాని పొరుగువారుందురు. భావమును వారి భాషలోను రెండు వాక్యములలో తెలుపుడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మన పెద్దలు పాడు లాలిపాటలకు, పెండ్లిపాటలకు రాగిరేకులైనను లేవు. వానిని పిల్లలచే వ్రాయించుట మంచిది. పాడించుట అంతకంటె ముఖ్యము. అన్నమయ్య మాటలు వ్రాతచే మిగిలినవి. పాడువారు లేకపోవుటచే బాణీలు పోయినవి. మన యిండ్లలో అట్లు కాకుండ చూచుకొందము.

అభ్యాసము: మీ యింటి పాట నొకదానిని పెద్దలవద్ద నేర్చి, ఎవరు ఎవరికి నేర్పిరో వ్రాసి, తరగతిలో పాడుడు.