పాత సెల్టోస్ కొనొచ్చా?

ప్రశ్న: 2020 మోడల్ కియా సెల్టోస్, 1.4 టర్బో పెట్రోల్, డీసీటీ ఆటోమేటిక్ బేరానికి వచ్చింది. హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకు తిరగాలి. కొరియా కార్లు మన్నుతాయా?

జవాబు: మన్నుతాయి. 1998లో వచ్చిన హ్యుందాయ్ శాంత్రోతోనే మనవాళ్లకు ఆ నమ్మకం కుదిరింది. పెనుకొండ దగ్గర తయారయ్యే సెల్టోస్‌కీ, అప్పటి క్రెటాకీ ఇంజన్లు ఒకటే కాబట్టి మెకానిక్‌లకు బాగా అలవాటైన బండే.

మీరు భయపడాల్సింది గేర్‌బాక్సు గురించి. ఆ 7 స్పీడ్ డీసీటీలో, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్‌లో, ఉన్నవి డ్రై క్లచ్‌లు. వాటిని చల్లబరిచే ఆయిల్ ఉండదు, గాలికే చల్లారాలి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో బండి అంగుళం అంగుళం పాకుతుంటే క్లచ్ సగం పట్టీ పట్టకుండా రాసుకుంటూ వేడెక్కుతుంది, త్వరగా అరుగుతుంది. మార్పించాలంటే ఖర్చు గట్టిగానే తగులుతుంది.

అందుకే ఉదయం చల్లటి ఇంజన్‌తో చూసి సంతకం పెట్టేయకండి. సాయంత్రం రద్దీలో అరగంట నడపండి. ఫ్లైఓవర్ ఎక్కేచోట ఆపి, మెల్లగా కదిలించండి. ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు బండి వణికినా, కాలిన వాసన వచ్చినా ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

కంపెనీ ఇచ్చిన 3 ఏళ్ల వారంటీ ఎప్పుడో అయిపోయింది. పాత ఓనరు పొడిగించుకున్నారేమో, అదైనా ఇంకా మిగిలుందేమో కాగితం చూడండి. ఇంకోటి, 2020 గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో దీనికొచ్చింది 3 స్టార్లే. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

నన్నడిగితే, మీ తిరుగుడుకి 1.5 పెట్రోల్ మాన్యువల్ వెతకండి.