మోటార్ సైకిల్ చైన్ అరుగుదల: 30 సెంటీమీటర్ల స్కేలుతో ఒక పాఠం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ కవితలు, కథలు, పూర్వ విద్యార్థుల జ్ఞాపకాలు వస్తుంటాయి. ఈసారి మేము బండి చైన్ గురించి రాస్తామంటే సంచిక పని చూస్తున్న తమ్ముళ్ళు మొదట నవ్వారు. తర్వాత వాళ్ళే లెక్క వేశారు. ఇక్కడ చదివి బయటికి వెళ్ళిన వాళ్ళలో పార్సిళ్ళు ఇచ్చేవాళ్ళు, బైక్ టాక్సీ నడిపేవాళ్ళు, మందుల కంపెనీ రెప్‌లు, ఊరూరా తిరిగి కిస్తీలు వసూలు చేసేవాళ్ళు ఎంతమంది! రోజుకు 100 కిలోమీటర్లు తక్కువ కాకుండా తిరుగుతారు. బండ్లు చాలావరకు సెకండ్ హ్యాండువే. మీటరు 70 వేలో, 80 వేలో దాటాకే మన చేతికి వస్తాయి.

మేము ముగ్గురం పదో తరగతి దాకా ఈ హాస్టల్ అన్నం తిన్నవాళ్ళమే. తర్వాత మల్లేపల్లి ఐటీఐలో మెకానిక్ ట్రేడ్ చదివి, జల్‌పల్లిలో రోడ్డు పక్కన ఒక షట్టర్ అద్దెకు తీసుకుని టూ వీలర్ పని చేస్తున్నాం. అయినా ఈ పాఠం మాకు వచ్చింది ఐటీఐలో కాదు, శ్రీశైలం దారిలో.

2019 డిసెంబరులో మాలో ఇద్దరం ఒక పాత 100 సీసీ బండి మీద శ్రీశైలం బయలుదేరాం. మీటరు 86 వేలు చూపిస్తోంది. చైన్ బాగా వదులైంది. వెనక చక్రాన్ని ఎంత వెనక్కి జరిపినా బిగువు రావడం లేదు. కొత్త చైన్ సెట్ అప్పట్లో వెయ్యి రూపాయల లోపే. ఆ వెయ్యి కూడా ఎందుకని రెండు లింకులు కట్ చేసి, క్లిప్ వేసి బిగించాం. "ఏం గాదు, వచ్చినంక సెట్ మారుద్దాం" అనుకున్నాం. ఆ పని చేసింది ఇంకే ఉస్తాదో కాదు, మేమే.

తుక్కుగూడ, ఆమనగల్లు దాటేవరకు అప్పుడప్పుడూ టక్కుమని చప్పుడు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలోకి వెళ్ళాక, ఒక ఎక్కుడులో గేరు తగ్గించి గట్టిగా రేజ్ ఇచ్చేసరికి చైన్ పళ్ళ మీద నుంచి ఎగిరి, తెగి, చైన్ కవర్ లోపలే ముద్దలా ఇరుక్కుంది. వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసింది. బండి పక్కకు జారి పడ్డాం. వెనక కూర్చున్నవాడికి కాలర్ బోన్ విరిగింది. రాత్రి పూట ఆ అడవి దారి మూసేస్తారు, అప్పటికే సాయంత్రమైంది. వెనక నుంచి వచ్చిన డీసీఎం వాళ్ళు దయతలచి అచ్చంపేట దాకా ఎక్కించుకున్నారు. ఇంజిన్ కేసు పగిలింది. వాడు మూడు నెలలు పానా పట్టలేదు. ఆ మూడు నెలల ఇంటద్దెకు వాళ్ళ అమ్మ పుస్తెల తాడు కుదువ పెట్టాల్సి వచ్చింది.

ఇక పాఠంలోకి వద్దాం.

చైన్ సాగుతుంది అని అందరం అంటాం. నిజానికి ఇనుప పలకలు అంతగా సాగవు. ప్రతి లింకులో ఒక పిన్ను, దాని మీద ఒక బుష్, బుష్ మీద రోలర్ ఉంటాయి. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ పేటెంట్ తీసుకున్న బుష్ రోలర్ చైన్ అమరికే ఈనాటికీ నడుస్తోంది. లింకు మడిచినప్పుడల్లా పిన్ను, బుష్ ఒకదానితో ఒకటి రాచుకుంటాయి. 18 అంగుళాల చక్రం కిలోమీటరుకు దాదాపు 530 సార్లు తిరుగుతుంది. ముందు 14 పళ్ళు, వెనక 42 పళ్ళు ఉన్నాయనుకుంటే ముందు చక్రం దానికి మూడింతలు, అంటే దాదాపు 1,600 సార్లు తిరగాలి. 40 వేల కిలోమీటర్లకు 6 కోట్ల పైమాట. అన్నిసార్లు రాచుకుంటే అరగదా? ఒక్కో కీలు దగ్గర కాగితం మందమంత సందు వస్తుంది. వంద కీళ్ళ సందులూ కలిస్తే ఒక లింకంత పొడవు పెరుగుతుంది. మేము కట్ చేసింది ఆ పెరిగిన పొడవునే గానీ, అరుగుదలను కాదు. అరిగిన పిన్నులన్నీ అలాగే ఉన్నాయి.

దీన్ని కొలవడానికి షాపుకు రానక్కర్లేదు. లెక్కల సారు తెమ్మనే 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. 100, 125 సీసీ బండ్ల చైన్లలో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం సాధారణంగా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. 20 లింకులకు 254 మిల్లీమీటర్లు. బుల్లెట్ లాంటి పెద్ద బండ్లకు ఆ దూరం 15.875 మిల్లీమీటర్లు కాబట్టి 16 లింకులు కొలవాలి. అక్కడా 254 వస్తుంది, గుర్తు పెట్టుకోవడం తేలిక. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి, వెనక చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి పట్టుకుంటే పై వరస బిగుసుకుంటుంది. ఒక పిన్ను మీద సున్నా అని సుద్దముక్కతో గుర్తు పెట్టి 20 లెక్కపెట్టాలి. 256.5 దాటితే ఒక శాతం అరిగినట్టు, సెట్ మార్చాల్సిందే. కొన్ని కంపెనీల పుస్తకాల్లో హద్దు ఇంకా తక్కువే ఉంటుంది, బండి పుస్తకం ఉంటే అదే ప్రమాణం. చైన్ అంతటా ఒకేలా అరగదు, మూడు నాలుగు చోట్ల కొలవండి. మేము ఆ తెగిన చైన్‌ను తర్వాత కొలిస్తే 261 వచ్చింది.

మార్చేటప్పుడు చైన్ ఒక్కటే మార్చమని అడిగేవాళ్ళు రోజూ ఒకరైనా వస్తారు. పాత చైన్‌తో తిరిగిన పళ్ళు కొడవలి మొనలా ఒక పక్కకు వంగి ఉంటాయి. వాటి మీద కొత్త చైన్ వేస్తే రోలర్లు సరిగ్గా కూర్చోక అదీ త్వరగా పోతుంది. ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్, చైన్ మూడూ కలిపే మార్చాలి. పనిలో పనిగా హబ్ రబ్బర్లు కూడా చూపించుకోండి. అవి నలిగిపోతే గేరు వేసినప్పుడల్లా చైన్‌కు దెబ్బ తగులుతుంది. పుత్లీబౌలిలో సగం ధరకు సెట్లు దొరుకుతాయి. మేమూ వేసి చూశాం, ఒక వానాకాలం గడవలేదు.

జల్‌పల్లి రోడ్ల సంగతి వేరే చెప్పాలా? తుక్కు గోడౌన్లకు తిరిగే లారీల దుమ్ము ఎండాకాలమంతా చైన్ మీదే. నూనెతో కలిసి అది సాన పట్టే ముద్దలా తయారవుతుంది. వేస్ట్ ఆయిల్ పోయడం మన దగ్గర అలవాటు, కానీ అందులోనే ఇనుప రజను ఉంటుంది. కిరోసిన్‌తో తుడిచి, ఆరాక, 90 నంబరు గేరు ఆయిల్ లోపలి వైపు నుంచి పట్టించాలి. ఐదారు వందల కిలోమీటర్లకొకసారి, వానలో తడిస్తే ఇంటికి రాగానే. ఓ రింగులున్న చైన్‌కు పెట్రోలు తగలనివ్వకూడదు, రబ్బరు పాడవుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాం: ఇంజిన్ నడుస్తుండగా గుడ్డ పెట్టి చైన్ తుడవకండి. వేలి కొన పోగొట్టుకున్నవాళ్ళు మా షాపుకు వస్తుంటారు.

బిగించేటప్పుడు రెండు పొరపాట్లు జరుగుతాయి. చక్రం వెనక్కి జరిగితే డ్రమ్ బ్రేకు ఆట మారుతుంది, దాన్ని మళ్ళీ సరిచేయాలి. రెండోది, క్లిప్ మూసిన వైపు చైన్ నడిచే దిక్కుకు ఉండాలి, తిరగేసి వేస్తే ఊడిపోతుంది. అతిగా బిగించినా బేరింగులు పోతాయి. బిగువెక్కువ ఉన్న చోట చూసి, పుస్తకంలో చెప్పినంత వదులు ఉంచాలి. చిన్న బండ్లకు అది మామూలుగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు.

చైన్ లేని బండ్లు లేవా అని తొమ్మిదో తరగతి తమ్ముడొకడు అడిగాడు. ఉన్నాయి. బీఎండబ్ల్యూ 1923లోనే ఆర్ 32 బండికి షాఫ్ట్ పెట్టింది. దూర ప్రయాణాలకు పేరు పడ్డ హోండా గోల్డ్ వింగ్‌కూ షాఫ్టే. వాటిలోనూ గేరు ఆయిల్ మార్చకపోతే, షాఫ్ట్ చివరి గాడులకు గ్రీజు పెట్టకపోతే అరుగుతాయి. ఆ ఖర్చు మన చైన్ సెట్టుతో పోల్చేది కాదు.

ఆ పాత బండి ఇంకా మా దగ్గరే ఉంది. మీటరు లక్షా 30 వేలు దాటింది. వార్షికోత్సవం రోజు దాని మీదే వస్తాం. స్కేలు, సుద్దముక్క, గేరు ఆయిల్ డబ్బా తెస్తాం. బండి ఉన్నవాళ్ళు భోజనాలకు ముందే గేటు పక్కన చెట్టు కింద నిలపండి, ఒక్కొక్కటీ కొలిచి చెబుతాం. పైసలు తీసుకోం.